నా నిబ్బరం ఎంతవరకు నిజం

2025 సంక్రాంతి సెలవుల్లో, చల్లనీళ్ళు తగిలితే కుడివైపు పళ్ళు జివ్వుమంటున్నాయని భీమవరంలో ఒక దంతవైద్యురాలి దగ్గరకు వెళ్ళాను. ఆమె చాలాసేపు పరీక్షించి, పుచ్చు ఎక్కడా లేదని, కాని దవడపళ్ళ పైభాగాలు నా వయసుకు మించి అరిగిపోయాయని చెప్పారు. "నిద్రలో పళ్ళు కొరుకుతున్నారండీ. ఈమధ్య మనసుకు ఒత్తిడి కలిగించే విషయాలేమైనా ఉన్నాయా?" అని అడిగారు. అలాంటిదేమీ లేదని చెప్పాను. అది కావాలని ఆడిన అబద్ధం కాదు, నన్ను గురించి నేను అప్పటిదాకా నమ్ముతూ వచ్చిన మాట. ఇరవై ఆరేళ్ళుగా లెక్కల ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్నాను. ఎంత గందరగోళంలోనైనా గొంతు పెంచని మనిషినని బడిలోనూ, బంధువుల్లోనూ నాకు పేరుంది. నిండుకుండ తొణకదని నా ఎదుటే అన్నవారున్నారు, ఆ మాట విని లోలోపల సంతోషించిన రోజులూ ఉన్నాయి.

ఇంటికి వచ్చి మావారిని అడిగితే, "నీకు తెలియదా? నవంబరు నుంచి వింటూనే ఉన్నాను. చెబితే అదొక దిగులు పెట్టుకుంటావని ఊరుకున్నాను" అన్నారు. రెండు నెలలుగా పక్క మనిషికి వినిపిస్తున్న శబ్దం నాకు వినిపించలేదన్న సంగతే నన్ను ఆలోచనలో పడేసింది. ఒత్తిడిని నేను బాగా తట్టుకుంటానని ఏ ఆధారంతో అనుకుంటున్నాను? బాగా గడిచిన రోజుల జ్ఞాపకం, నలుగురూ అన్న మంచిమాట తప్ప నా దగ్గర మరో ఆధారం లేదని తేలింది. విద్యార్థి తన పేపరు తానే దిద్దుకుని తెచ్చి చూపిస్తే ఒప్పుకోని నేను, నా విషయంలో మాత్రం ఇన్నేళ్ళుగా అదే చేస్తున్నాను.

ఆ సెలవుల్లోనే ఒత్తిడిని కొలిచే పద్ధతుల గురించి కొంత చదివాను. అమెరికాలో హోమ్స్, రాహే అనే ఇద్దరు వైద్యులు 1967లో ప్రచురించిన ఒక పట్టికలో జీవితంలో వచ్చే 43 మార్పులకు మార్కులు వేసి ఉన్నాయి. జీవిత భాగస్వామి మరణానికి 100, పెళ్ళికి 50. పెళ్ళి వంటి శుభకార్యానికి కూడా మార్కులున్నాయంటే, మంచిదైనా చెడ్డదైనా మార్పుకు సర్దుకోవడంలో శరీరానికి శ్రమ ఉంటుందని వారి ఉద్దేశం. అత్తింటివారితో ఇబ్బందులకు కూడా 29 మార్కులు కనిపించి, ఆ బాధ ఏ దేశానికైనా ఒకటేనని అనుకున్నాను. నా లెక్క వేసుకున్నాను. 2024లో నాన్నగారు పోయారు, దానికి 63. హెడ్మాస్టరుగారు పదవీ విరమణ చేయడంతో సీనియర్ని కనుక బడి ఇన్‌ఛార్జి బాధ్యత నా మీద పడింది, 29. అబ్బాయి ఇంజనీరింగు చదువుకు హాస్టలుకు వెళ్ళిపోయాడు, 29. ఇల్లు మారాము, 20. మొత్తం 141. దీన్ని వాడేవారు సాధారణంగా 150 లోపు వస్తే పెద్దగా భయపడనక్కరలేదంటారు.

ఆ సంఖ్య చూసి నేను తృప్తి పడి ఉంటే ఈ పరిశీలన అక్కడే ఆగిపోయేది. కాని అరిగిన పళ్ళు వేరే మాట చెబుతున్నాయి. ఆ తర్వాత చదివిన మరో విషయం దీన్ని కొంత విడదీసింది. 1981లో మనస్తత్వశాస్త్రవేత్త రిచర్డ్ లాజరస్, ఆయన సహచరులు నడివయసు వారిని నెలల తరబడి గమనించి, పెద్ద సంఘటనల కన్నా రోజువారీ చిన్న చికాకులే వారి మానసిక ఇబ్బందుల లక్షణాలను మెరుగ్గా ముందే సూచించాయని తేల్చారు. మరణం, బదిలీ, ఇల్లు మారడం అందరికీ కనబడతాయి, అందరూ పలకరిస్తారు. రాత్రి తొమ్మిదింటికి ఫోనులో వచ్చే ఆదేశాన్ని గురించి ఎవరూ పరామర్శించరు.

మనిషికి ఎంత ఒత్తిడి అనిపిస్తున్నదో కొలవడానికి మనస్తత్వశాస్త్రవేత్త షెల్డన్ కోహెన్ బృందం 1983లో రూపొందించిన ప్రశ్నావళి కూడా పూరించాను. ఇప్పుడు ఎక్కువగా వాడేది దానిలోని పది ప్రశ్నల రూపం. గడచిన నెలలో ఫలానా విధంగా ఎంత తరచుగా అనిపించిందని అడుగుతుంది, ఒక్కో జవాబుకు 0 నుంచి 4 దాకా మార్కులు, మొత్తం 40. అందులో ఆరు ప్రశ్నలు బరువును, అదుపు తప్పుతున్నదన్న భావాన్ని అడుగుతాయి; మిగిలిన నాలుగు తన సమర్థత మీద తనకున్న నమ్మకాన్ని అడుగుతాయి కనుక వాటి మార్కులను తిరగేసి కలపాలి. నాకు 21 వచ్చింది. మొత్తం కన్నా దాని విడి భాగాలే నాకు ఎక్కువ చెప్పాయి. బరువు ప్రశ్నల్లో 24కి 16, నమ్మకం ప్రశ్నల్లో తిరగేశాక 16కి 5 మాత్రమే. అంటే, నేను చేయగలనన్న ధైర్యం తగ్గలేదు. మోస్తున్నది మాత్రం పెరిగిపోయింది. ధైర్యం చెక్కుచెదరకపోవడం వల్లనే బరువు పెరిగిన సంగతి నాకు తెలియలేదేమో.

ప్రశ్నావళి ఎంత ఒత్తిడి ఉందో చెబుతుంది కాని, ఆ ఒత్తిడిలో నేను ఏం చేస్తానో చెప్పదు. అందుకని బడి తెరిచిన జనవరి 20న ఒక నోటుపుస్తకం మొదలుపెట్టి మార్చి 2 దాకా, నలభై రెండు రోజులు రాశాను. మనసుకు ఇబ్బంది కలిగిన ప్రతిసారీ ఎన్ని గంటలకు, ఏం జరిగింది, శరీరంలో మొదట ఎక్కడ తెలిసింది, నేను మొదట ఏం చేశాను, ఆ విషయం నా చేతిలో ఉన్నదా లేనిదా, రెండు గంటల తర్వాత ఎలా ఉన్నాను అన్నవి వరుసగా రాసుకోవాలని నియమం పెట్టుకున్నాను. రాత్రి కూర్చుని రోజంతా గుర్తు తెచ్చుకుంటే కథ మారిపోతుందని మొదటి వారంలోనే అర్థమైంది. సాయంత్రానికి నేను చేసినదానికి కారణాలు కూడా సిద్ధమైపోతున్నాయి. అందువల్ల జరిగిన వెంటనే, అయిదారు మాటల్లోనైనా రాయడం అలవాటు చేసుకున్నాను.

ఫిబ్రవరిలో ఒకే వారంలో జరిగిన రెండు సంఘటనలు ఆ పుస్తకంలో ఎదురెదురు పేజీల్లో ఉన్నాయి. మొదటిది ఉదయం 11.40కి జరిగింది. మధ్యాహ్న భోజనం వండే ఆవిడ సాంబారు గిన్నె దించుతుండగా గుడ్డ జారి, మరుగుతున్న సాంబారు ఆమె పాదం మీద పడింది. నేను వెళ్ళేసరికి ఒకరు టూత్‌పేస్టు తెస్తున్నారు, మరొకరు ఐసు కోసం పరుగెత్తుతున్నారు. రెండూ వద్దన్నాను. ఆమెను కుళాయి దగ్గర కూర్చోబెట్టి, కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళు పారేలా చూశాను. కాలి పట్టీ, మెట్టెలు వాపు రాకముందే తీయించాను. ఒకరిని 108కి ఫోను చేయమని, ఒకరిని పిల్లలను తరగతుల్లోనే ఉంచమని, ఒకరిని అన్నం వడ్డన సంగతి చూడమని చెప్పాను. ఆ వరుసలో శరీరానికి సంబంధించిన గడిలో "ఏమీ లేదు, గొంతు తగ్గింది" అని రాసి ఉంది. రెండు గంటల తర్వాత తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. ఆ రాత్రి పదింటికి నిద్రపోయాను.

రెండోది ఆ తర్వాతి రాత్రి 9.40కి జరిగింది. మర్నాడు ఉదయం పది గంటల లోపు కొన్ని వివరాలు పంపవలెనని ఫోనులో ఒక సందేశం వచ్చింది. ఆ వివరాలు అంతకుముందే రెండుసార్లు పంపాము. వాటి నకలు నా దగ్గర ఉంది, పొద్దున్నే మళ్ళీ పంపడానికి పది నిమిషాలు చాలు. అయినా శరీరం గడిలో "దవడ, మెడ వెనుక, కడుపులో మంట" అని ఉంది. పుస్తకాలు తీసి లెక్క మళ్ళీ సరిచూశాను. పదకొండింటికి పంపాను. పంపినది చేరిందో లేదోనని అర్ధరాత్రి చూశాను, ఒంటిగంటకు మళ్ళీ చూశాను. రెండింటి దాకా నిద్ర పట్టలేదు. మనిషి కాలు కాలిన రోజున నిశ్చింతగా నిద్రపోయిన నేను, ఒక కాగితం కోసం రాత్రంతా మేలుకున్నానని అక్షరాల్లో చూసుకున్నప్పుడు చాలా బాధ కలిగింది.

నలభై రెండు రోజుల్లో మొత్తం 97 నమోదులు వచ్చాయి. వాటిలో నా చేతిలో ఉన్న విషయాలు 38, లేనివి 59. చేతిలో ఉన్న 38లో 31 సార్లు రెండు గంటల్లోపే మామూలు స్థితికి వచ్చాను. చేతిలో లేని 59లో అలా జరిగింది 14 సార్లే. లాజరస్, ఆయన సహచరురాలు సుసాన్ ఫోక్‌మన్ 1984 నాటికి విడమరిచి చెప్పిన సంగతే నా పుస్తకంలోనూ కనబడింది. ఒత్తిడికి మనుషులు రెండు విధాలుగా స్పందిస్తారని వారంటారు: సమస్యనే సరిచేయడానికి పూనుకోవడం ఒకటి, సమస్య వల్ల మనసులో రేగినదాన్ని సర్దుకోవడం రెండోది. పరిస్థితి మన చేతిలో ఉంటే మొదటిది, లేనప్పుడు రెండోది ఎక్కువగా ఉపకరిస్తాయి. నాకు మొదటిది మాత్రమే వచ్చు. దాన్నే అన్నిచోట్లా ప్రయోగిస్తున్నాను. చేయడానికి పనేమీ మిగలనప్పుడు, చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేస్తున్నాను.

కనుక నా బలాల జాబితాలో "నిబ్బరం" అని ఉన్న మాటను కొట్టివేసి, "చేయవలసిన పని కళ్ళెదుట ఉన్నప్పుడు నిబ్బరం" అని రాసుకున్నాను. బలహీనత కింద "ఎదురుచూడడం చేతకాదు" అని రాశాను. ఈ రెండు వాక్యాలు రాయడానికి నాకు ఆరు వారాలు పట్టింది.

ఇంతా చేసి అది నా చేతిరాతే కదా అన్న అనుమానం మిగిలింది. అందుకని నన్ను దగ్గరగా చూసే ముగ్గురిని అడిగాను. ఒత్తిడిలో ఉన్నప్పుడు నేను చేసే మంచి పని ఒకటి, వారికి ఇబ్బంది కలిగించే పని ఒకటి చెప్పమన్నాను. జవాబు విని సమాధానం చెప్పుకోనని, సమర్థించుకోనని ముందే మాటిచ్చాను. ఆ మాట నిలబెట్టుకోవడం తేలిక కాలేదు.

మావారు, "నువ్వు అరవవు, అది మంచిదే. కాని మాట్లాడడం మానేస్తావు. ఆ మౌనం ఎవరి మీదో మాకు తెలియదు" అన్నారు. ఆ తర్వాత కాసేపు ఆగి, క్రితం వారం అబ్బాయితో ఫోనులో మాట్లాడినది గుర్తు చేశారు. వాడు హాస్టల్లో బట్టలు ఉతుక్కోలేదన్నందుకు పావుగంట మందలించాను. నోటుపుస్తకం తీసి చూస్తే, ఆ రోజు సాయంత్రం నాలుగింటికి ఒక సమావేశంలో నా తప్పు లేని విషయానికి అందరి ముందూ మాట పడ్డాను, అక్కడ నోరెత్తలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. ఆ సామెతను పిల్లలకు వివరించి చెప్పిన నేను, నా ఇంట్లో ఆ దుత్త ఎవరో గుర్తించలేదు.

బడిలో సాంఘికశాస్త్రం చెప్పే సహోపాధ్యాయుడు చాలాసేపు మొహమాటపడి, చివరికి, "మీరు సాయం అడగరు మేడమ్. మేమే చేస్తామన్నా తీసుకోరు. మా పని మీద మీకు నమ్మకం లేదేమో అనిపిస్తుంది" అన్నారు. ఆయన మనసులో ఉన్నది నవంబరు నాటి నామినల్ రోల్సు సంగతి. పదో తరగతి పరీక్ష రాసే పిల్లల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీలు అడ్మిషను రిజిస్టరుతో సరిచూసి పంపే పని అది. ఆ సర్టిఫికెట్టే రేపు పుట్టిన తేదీకి రుజువుగా ఉద్యోగం దాకా, పాస్‌పోర్టు దాకా వెంట వస్తుంది కనుక ఒక్క అక్షరం తప్పినా పిల్లలు ఏళ్ళ తరబడి తిరగవలసి వస్తుంది. తరగతి ఉపాధ్యాయులు సరిచూసిన తర్వాత కూడా, 64 మంది వివరాలను నేను ఒక్కదాన్నే రాత్రిళ్ళు ఇంట్లో కూర్చుని రెండుసార్లు చూశాను. ఒక అమ్మాయి ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు దొరికింది. పళ్ళు కొరకడం మొదలైందీ ఆ నవంబరులోనే.

ఇక్కడ నాకు ఇప్పటికీ తెగని చిక్కు ఒకటి ఉంది. ఆ తప్పు దొరకకపోతే ఆ అమ్మాయి గతేమిటి? నా జాగ్రత్తను బలహీనత అని రాసుకోవడానికి చేయి రాలేదు, ఇప్పుడూ రాదు. ఎంతో ఆలోచించాక, జాగ్రత్తను బలాల వైపే ఉంచి, ఇతరుల జాగ్రత్తను నమ్మలేకపోవడాన్ని మాత్రం బలహీనతల వైపు వేశాను. రెండోసారి చూడవలసిందే. ఆ రెండోసారి చూసే కళ్ళు నావే కానక్కరలేదు.

మూడో జవాబు చెల్లెలిది. అది చెప్పినదాన్ని రాయాలా వద్దా అని తటపటాయించి, అడిగితే రాయమన్నది. "అక్కా, నాన్న పోయిన పదకొండు రోజులూ నువ్వే అన్నీ చూసుకున్నావు. వచ్చినవాళ్ళందరికీ భోజనాలు, పురోహితుడు, దానాలు, లెక్కలు, దేనికీ లోటు రానివ్వలేదు. కాని నువ్వు ఒక్కసారి కూడా ఏడవలేదు. నువ్వు అలా ఉంటే నేను ఏడవడానికి చోటు లేకుండా పోయింది." నా బలం మరొకరికి ఏం చేసిందో ఆ రోజు దాకా నేను ఆలోచించలేదు. ఆ పదకొండు రోజులూ నాకు చేయవలసిన పని కళ్ళెదుటే ఉంది, నిబ్బరంగా ఉన్నాను. పన్నెండో రోజున పనులు అయిపోయాయి. ఆ తర్వాత ఆ దుఃఖం ఎక్కడికి వెళ్ళిందో నోటుపుస్తకంలో ఏ గడీ చెప్పదు.

ఒత్తిడి మీద తొలి పరిశోధనలు చేసిన శాస్త్రవేత్త హాన్స్ సెల్యే 1936లో వివరించిన క్రమం ఈ సందర్భంలో నాకు బాగా అర్థమైంది. ఎడతెగని ఒత్తిడికి శరీరం మొదట ఉలిక్కిపడుతుందని, ఆ తర్వాత తట్టుకుని నిలబడుతుందని, అది మరీ ఎక్కువకాలం సాగితే అలసి పడిపోతుందని ఆయన చెప్పారు. ఆ మధ్య దశలో పైకి అంతా సర్దుకున్నట్టే కనబడుతుంది. నేను నిబ్బరమని పిలుచుకున్నదానిలో ఎంతో కొంత ఆ మధ్య దశే అయి ఉంటుంది.

బలాలూ బలహీనతలూ రాసుకున్నాక కొన్ని మార్పులు చేసి చూశాను. వేకువన అయిదింటికి ధ్యానం చేయాలన్న ప్రయత్నం తొమ్మిది రోజుల్లో ఆగిపోయింది, అది నాకు మరో పనిగా తయారైంది. ఊపిరి మాత్రం ఉపయోగపడింది. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి ఆరేడు అంకెల దాకా నెమ్మదిగా వదిలితే, వదిలేటప్పుడు గుండె వేగం తగ్గుతుంది. ఆ పని చేసేది మెదడు నుంచి గుండెకు వెళ్ళే వేగస్ నాడి. రాత్రి సందేశం చూసి దవడ బిగుసుకున్నప్పుడు అయిదు నిమిషాలు ఇలా చేస్తే, లేచి పుస్తకాలు తీయాలన్న తొందర సగానికి తగ్గుతోంది. తొమ్మిది దాటాక సందేశాలు చూడడం మానేశాను. నిజంగా అత్యవసరమైతే ఫోను చేస్తారని నాకు నేను చెప్పుకోవడానికి రెండు వారాలు పట్టింది. బియ్యం నిల్వ రిజిస్టరు మరొకరికి అప్పగించాను. సాయంత్రం కాలువ గట్టు వెంట అరగంట నడుస్తున్నాను, ఆ అరగంట ఫోను ఇంట్లోనే ఉంటుంది.

అన్నిటికన్నా కష్టమైనది రాయడం. జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వశాస్త్రవేత్త 1986లో ప్రచురించిన ప్రయోగంలో, మనసును గాయపరచిన అనుభవాన్ని గురించి వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు రాయించారు. రాసిన వెంటనే వారి మనసు మరింత బరువెక్కినా, ఆ తర్వాతి నెలల్లో వారు వైద్యుల దగ్గరకు వెళ్ళడం తగ్గిందని గమనించారు. వేసవి సెలవుల్లో నేను నాన్నగారి గురించి అలాగే నాలుగు రోజులు రాశాను. మొదటి రెండు రోజులూ రాయకుండా ఉంటే బాగుండేదనిపించింది. మూడో రోజున చెల్లెలికి ఫోను చేశాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు, కాని ఫోను పెట్టేయలేదు.

సొంత పరిశీలనకు ఒక హద్దు ఉందని కూడా చెప్పాలి. నిద్ర, ఆకలి, పని మీద ఆసక్తి రెండు వారాలకు మించి పోయినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, నోటుపుస్తకం తెరుచుకుని కూర్చోకూడదు, వెంటనే వైద్యులతో మాట్లాడాలి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరును మా స్టాఫ్‌రూమ్ గోడ మీద రాయించాను. దాన్ని ఎవరు వాడుకున్నారో నేను అడగను.

ఈ ఏడాది మళ్ళీ నామినల్ రోల్సు వచ్చాయి, ఈసారి 58 మంది పిల్లలు. తరగతి ఉపాధ్యాయురాలు మొదటిసారి చూశారు. రెండోసారి చూసి పెట్టమని సాంఘికశాస్త్రం మాస్టారిని నేనే అడిగాను. అడిగేటప్పుడు గొంతు తడబడింది, ఆయన అది గమనించనట్టే ఉండి రిజిస్టరు అందుకున్నారు. ఇద్దరూ కలిసి రెండు తప్పులు పట్టుకున్నారు. ఒకటి ఒక అబ్బాయి పుట్టిన నెల. నేను ఒక్కదాన్నే అర్ధరాత్రి చూసి ఉంటే అది నా కంటికి దొరికేదని గట్టిగా చెప్పలేను. ఆ రోజు నోటుపుస్తకంలో ఇలా ఉంది: "రాత్రి 9.50. వివరాలు వెళ్ళిపోయాయి. మళ్ళీ తెరిచి చూడలేదు. దవడ ఇంకా బిగుసుకునే ఉంది."